అన్న మోకాలి నరం

ధర్మవరంలో మా ఇంటి ముందుగదిలో రెండు గుంట మగ్గాలుండేవి. ఒకటి కిటికీ పక్కన, ఇంకొకటి లోపలి గోడ వారగా. కిటికీ మగ్గం అన్నది, గోడ మగ్గం నాది. అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. నేను నేత మొదలుపెట్టేనాటికే ఆయన కొంగు మీద హంసల వరస ఎత్తాడంటే వీధిలో నేసేవాళ్ళు వచ్చి నిలబడి చూసిపోయేవాళ్ళు. డెబ్బైల మొదట్లో, నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, నెలకొకరం మగ్గాలు మార్చుకుంటామని నాయనను అడిగాను. నాయన జరీ చుట్టుకుంటూ తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

"వెల్తురు కావాల్సింది వాని చేతికిరా. నీకు ఆడ చాల్లే."

కోపంగా అన్న మాట కాదది. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు. అందుకే అది అంత లోతుగా దిగింది.

మా చీరలు కొనే షావుకారు వారానికోసారి వచ్చేవాడు. రెండు చీరలూ చాప మీద పరిపించి, "పెద్దోడు నేసింది ఏదప్పా?" అని అడిగేవాడు. అన్న చీరను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుగుకు ఎత్తిపట్టి, అంచు వెంబడి వేలితో నిమిరి చూసేవాడు. నా చీరను బొటనవేలితో ఒకసారి నొక్కి మడిచేసేవాడు. నా నేతలో తప్పు ఉండేది కాదు. తప్పు ఉంటే తిట్టేవాడు, అప్పుడైనా నా చీరను కాసేపు చూసేవాడు. నాలో ఉన్నది అసూయ అని అప్పుడు నాకు తోచలేదు. నాకు అన్యాయం జరుగుతోందని అనుకునేవాణ్ణి.

నాయన పోయిన మరుసటి ఏడు అన్నకు కీళ్ళవాతం వచ్చింది. పొద్దున లేవగానే గంటసేపు ఒళ్ళు కట్టెలాగా ఉండేది. తర్వాత కుడి మోకాలు వాచింది. మా మగ్గానికి కాళ్ళే సగం పని. నేలలో తీసిన గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేసి, అడుగున ఉన్న చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటేనే పడుగు పోగులు విడి, పేక పోగు మోసే నాడె వాటి మధ్య దూరేది. తొక్కిన ప్రతిసారీ అన్న పళ్ళు బిగపట్టేవాడు. అనంతపురంలో ఒక డాక్టరు మోకాలికి సూది వేస్తే పది పదిహేను రోజులు హాయిగా నేసేవాడు. మళ్ళీ వాపు, మళ్ళీ సూది, మధ్యలో తెల్లమాత్రలు. అట్లా మూడేళ్ళు నెట్టుకొచ్చాడు.

ఆ రోగం ఎందుకోగాని ఆయన చేతివేళ్ళను పెద్దగా ముట్టుకోలేదు. ఒకరోజు అన్నం తింటుంటే ఆయన వేళ్ళ కణుపులు వాచాయేమోనని పక్కనుంచి చూశాను. ఏ ఆశతో చూశానో నాకు తెలుసు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ వాక్యం రాయడానికి చెయ్యి ఆడడం లేదు.

చివరికి ఒకనాడు ఆయన గుంటలోంచి పైకి లేవలేకపోయాడు. నేనూ వదినా చంకల కింద చేతులు వేసి ఎత్తాల్సి వచ్చింది. వారం తర్వాత వదిన అంది, "ఆ మగ్గం వట్టిగా ఉంటే ఏమొస్తాదప్పా. ఆయన లేసేదాకా నువ్వన్నా కూచో."

ఆమె మాట పూర్తిగాక ముందే నా సామాను కిటికీ దగ్గరికి చేరింది.

ఆ మగ్గం మీద మూడేళ్ళు నేను బాగా నేశాను. ఆ మాట నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పలేదు. ఒక సెలవురోజు లేపాక్షికి పోయి, పొద్దంతా మండపం పైకప్పు చూస్తూ మెడ పట్టేసేదాకా నిలబడి, అక్కడి చిత్రాల్లోని తీగ ఒకటి కాగితం మీద గీసుకొచ్చాను. దాన్ని కనకాంబరం రంగు చీరకు ఆకుపచ్చ అంచులో ఎక్కించడానికి ఇరవై రోజులు పట్టింది. షావుకారు ఆ చీరను ఎత్తి వెలుగుకు పట్టుకున్నాడు. అంచు వెంబడి వేలితో నిమిరాడు.

"బలే ఉండాదప్పా. అచ్చం పెద్దోడు నేసినట్టే ఉండాది," అన్నాడు.

లోపల మంచం మీద పడుకున్న అన్న ఆ మాట విన్నాడు.

మద్రాసులో మోకాలి కీలు తీసేసి లోహంతో చేసిన కీలు పెడుతున్నారని అన్నకు చెప్పింది ఆ షావుకారే. ఎనభైలు సగానికి వచ్చిన రోజులవి. మా వైపు ఎవరూ అట్లాంటిది విని ఉండలేదు. అన్నా వదినా పోయి నెలన్నర తర్వాత తిరిగొచ్చారు. స్టేషనులో అన్న రైలు దిగి, చేతికర్ర ఉన్నా దాని మీద బరువు వేయకుండా, నిటారుగా నడుచుకుంటూ నా వైపు వచ్చాడు. అంత నిటారుగా ఆయనను చూసి నాలుగేళ్ళయింది. నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. దాని వెనకాలే, ఇక కిటికీ మగ్గం పోతుంది అన్న మాట వచ్చి కూర్చుంది.

పది రోజులు మా ఇల్లు తిరునాళ్ళ లాగా ఉండింది. వీధిలో వాళ్ళంతా వచ్చి పంచె పైకి జరపమని అడిగి మోకాలి మీది కోత గీత చూసేవాళ్ళు. "లోపల ఇనుమేనా అన్నా? వానకు తుప్పు పట్టదా?" అని ఒకాయన అడిగితే, "ఈడ వాన యాడ పడతాదిలేప్పా," అన్నాడు అన్న. అందరూ నవ్వారు. నేను మగ్గం మీద ఉన్నాను. నా చుట్టూ కాళ్ళే కనిపించాయి, ఒక్కరి ముఖమూ నా వైపు లేదు.

డాక్టరు గట్టిగా చెప్పి పంపాడట. నేల మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, గుంట మగ్గం ఊసే ఎత్తకూడదు. అందుకని వదిన ఒక ఇనుప కుర్చీ తెప్పించి ముందుగదిలో వేసింది. అన్న పొద్దున కాఫీ తాగి ఆ కుర్చీలో కూర్చునేవాడు, నేను నేస్తుంటే చూస్తూ. మొదట్లో మాట్లాడేవాడు కాదు. తర్వాత మొదలైంది. "పేక బిగదీస్తాండావ్ రా." "ఆ పచ్చ అంత ముదురు వద్దు." చెప్పినవన్నీ సరైనవే. అదే నన్ను కాల్చేది. మూడు నెలలు మెడ మీద ఆయన చూపు మోస్తూ నేశాను.

ఒక మధ్యాహ్నం స్నానం చేసి తల తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చాను. వదిన నీళ్ళ కోసం కొళాయి దగ్గరికి పోయి ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. అన్న నా మగ్గం గుంట అంచున కూర్చుని, రెండు చేతుల మీద బరువు ఆనించి, కుడికాలిని మెల్లగా లోపలికి జార్చుకుంటున్నాడు. మగ్గం మీద లేపాక్షి తీగ అంచు చీర ఇంకొకటి ఉంది.

వద్దన్నా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. దిగనీ, దిగి తన వల్ల కాదని తెలుసుకోనీ అనుకున్నాను. అలా గడపలో నిలబడిపోయాను.

ఆయన నాడె అందుకుని నేయడం మొదలుపెట్టాడు. పది పన్నెండు పోగులు వేశాడేమో. ఎడమకాలితోనే ఎక్కువగా తొక్కుతున్నాడు. మూడున్నరేళ్ళ తర్వాత మగ్గం ఎక్కిన మనిషి చెయ్యి అది. అయినా ఆ పోగులు పడిన తీరు నాకు గడపలోంచే తెలిసింది. మగ్గం చప్పుడు కూడా మారిపోయింది. నా చేతిలో ఆ మగ్గం ఎప్పుడూ అట్లా మోగలేదు.

తర్వాత లేవబోయాడు. అప్పుడు నన్ను చూశాడు. ఎడమచెయ్యి మగ్గం దూలం మీద పెట్టి, కుడిచెయ్యి నా వైపు చాపాడు. నోరు తెరిచి ఏమీ అడగలేదు. అడగనీ అని నేను ఆగాను. ఎంతసేపు ఆగాను, మూడు లెక్కపెట్టినంత సేపేమో. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కుడికాలు అడుగున ఆనించి, మోకాలు బాగా వంగి ఉండగానే, ఒక్క ఊపున పైకి లేచాడు.

పచ్చికట్టె విరిచినప్పటి లాంటి చప్పుడు వచ్చింది.

ఆయన ముందుకు పడి ఉంటే చీర మీద పడేవాడు. పడుగంతా తెగిపోయేది. ఆయన దాన్ని చూసి పక్కకు తిరిగి, గుంట గట్టు మీద మోచెయ్యి కొట్టుకునేటట్టు పడ్డాడు. అది నేను కళ్ళారా చూశాను. అంత నొప్పిలోనూ నా చీరను తప్పించాడు. పరుగెత్తి పోయి పట్టుకున్న క్షణంలో కూడా, పడడం కూడా నాకంటే బాగా పడ్డాడే అని మనసులో ఒక మూల అనిపించింది.

మంచం మీద పడుకోబెట్టాక కాలు ఎత్తమన్నాను. తొడ బిగిసింది, పాదం మాత్రం మంచం మీంచి లేవలేదు. మోకాలి చిప్ప ఉండాల్సిన చోట లేదు. పైకి, తొడ వైపుకు జరిగిపోయి ఉంది. దాని కింద వేలు పెడితే గుంట తగిలింది. నీళ్ళ బిందెతో వచ్చిన వదిన ఆ కాలును చూసి బిందె దించడం మరిచిపోయి అలాగే నిలబడింది.

"ఎట్లయ్యిందప్పా ఇది?" అని నన్ను అడిగింది.

"నేను స్నానానికి పోయింటి వదినా," అన్నాను.

ఊళ్ళో డాక్టరు కాలికి చెక్క వేసి కట్టు కట్టి, కీలు పెట్టిన చోటికే తీసుకుపొమ్మన్నాడు. పిల్లల పరీక్షలు ఉండడంతో ఈసారి వదిన రాలేకపోయింది. పాకాల మీదుగా పోయే చిన్నరైలులో అన్నను నేనే తీసుకుపోయాను. రెండు సీట్ల మధ్య మా రేకుపెట్టె నిలబెట్టి దాని మీద ఆయన కాలు చాపి ఉంచాను.

మద్రాసులో డాక్టరుది నెల్లూరు వైపు. తెలుగులోనే మాట్లాడాడు. కాలు చూసి, "ఎలా పడ్డారు?" అని అడిగాడు.

"మెట్టు దిగతా జారినా సార్," అన్నాడు అన్న. నా వైపు చూడలేదు.

నా తప్పును ఆయన అడగకుండానే కప్పేశాడు. కృతజ్ఞత కలగాల్సింది. నాకు ఒళ్ళు మండింది. మంచితనంలో కూడా కిటికీ పక్క చోటు ఆయనదే.

డాక్టరు చీటీ వెనకవైపు బొమ్మ గీసి నాకు వివరించాడు. మోకాలి చిప్ప కింద నుంచి కాలి ముందెముక దాకా బెల్టు లాంటి గట్టి పట్టీ ఉంటుందట. మేం నరం అనేదాన్ని ఆయన టెండన్ అన్నాడు. తొడ కండ కాలిని చాపాలంటే ఈ టెండన్ పట్టుకునే లాగాలి. అన్నకు అది ఎముక దగ్గర పూర్తిగా తెగింది.

"ఏళ్ళ తరబడి వాడిన మాత్రలు, ఆ సూదులు దాన్ని ముందే పలచన చేసేశాయి," అన్నాడు. "మామూలు మోకాలైతే కుట్టి వదిలేస్తే అతుక్కుంటుంది. లోహపు కీలు పెట్టిన మోకాలిలో ఉత్త కుట్టు నిలవదు. తొడ లోపలివైపు నుంచి సన్నటి టెండన్ ఒకటి తీసి, ముందెముకలో బెజ్జం చేసి, అందులోంచి దూర్చి చిప్పకు కలుపుతాను. అది అతుక్కునేదాకా బరువు మోయడానికి పైన స్టీలు తీగ కడతాను. చీము పట్టకూడదు. పడితే లోపలి కీలు కూడా తీసేయాల్సి వస్తుంది. అప్పుడు కాలు కర్రలా ఉండిపోతుంది."

"నిలుస్తుందా సార్?" అని అడిగాను.

"సగం నా పని, సగం మీ పని. ఆరు వారాలు ఆ మోకాలు వంగకూడదు. తర్వాత రోజూ కొంచెం కొంచెంగా వంచాలి. తొందరపడినా పాడవుతుంది, బద్ధకించినా పాడవుతుంది."

ఆపరేషను మూడు గంటలు పట్టింది. తొడ నుంచి చీలమండ దాకా పిండికట్టుతో అన్నను బయటికి తెచ్చారు. పాత గీత మీదే మళ్ళీ కోశారు. మొదటి వారమంతా పొద్దున డాక్టరు రాగానే నేను ఆయన ముఖమే చూసేవాణ్ణి, జ్వరం కాగితం చూసి ఏమంటాడోనని. చీము పట్టలేదు.

ఆ ఆరు వారాలు నేను అన్నకు అన్నం పెట్టాను, ఒళ్ళు తుడిచాను, బెడ్‌పాన్ పెట్టి తీశాను. అంత దగ్గరగా మేం చిన్నప్పుడు కూడా లేం. అక్కడ కూడా ఆయన ఊరికే ఉండలేదు. నర్సు ఒకామె చదువుకునే రోజుల నాటి గ్రాఫు పుస్తకం తెచ్చిస్తే, వీపు వెనక దిండు పెట్టుకుని అంచులూ బుటాలూ గడులు నింపుతూ గీయడం మొదలుపెట్టాడు. నాలుగు రోజుల్లో వార్డు నర్సులంతా ఆయన మంచం చుట్టూ. "నాకు నెమలి వేసివ్వండి, నాకు మామిడిపిందె వేసివ్వండి." వాళ్ళు నన్ను అడిగేది ఒక్కటే, "నీళ్ళు పట్టి తెచ్చారా?" అని.

ఒక పొద్దున ఆయనకు ఇడ్లీ తినిపిస్తున్నాను. ఆయన చేతులకు ఏమీ కాలేదు, తానే తినగలడు. అయినా మొదటి రోజుల అలవాటు కొద్దీ నేనే పెట్టేవాణ్ణి. ఎందుకో అప్పుడు నోటికి వచ్చేసింది.

"అన్నా, ఆ పొద్దు నువ్వు చెయ్యి చాపినావు. నేను చూసినా. పట్టుకోలా."

ఆయన నోట్లో ముద్ద నమిలి మింగాడు.

"తెలుసు," అన్నాడు.

"అడుగుతావని చూసినా."

"అది గూడా తెలుసు." నోరు తుడుచుకున్నాడు. "నేను ఎందుకు దిగినానో నీకు తెలుసునా?"

తెలియదన్నాను.

"మూన్నెల్లు ఆ కుర్చీలో కూచోని చూసినా గదరా. ఆ తీగ అంచు. అట్లాటిది నాకెప్పుడూ తోచలా. షావుకారు నా మాదిరి ఉండాదన్నాడే, ఆ పొద్దే తెలుసు నాకు, అది నా మాదిరి లేదని. కడుపు మండిపోయేది నాకు. నాలుగు పోగులన్నా దాంట్లో నావి కలిపితే, నాదీ ఉండాదిలే అని చెప్పుకోవచ్చని దిగినా." గోడ వైపు చూశాడు. "ఇంకొంచెం చట్నీ పెట్టు."

పెట్టాను. ఆయన బాధగా ఉంటే నేను బాధపడాల్సిన చోటు అది. నాకు కలిగింది సంతోషం. పదిహేనేళ్ళలో అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. కాలు కట్టులో పెట్టుకుని పడుకున్న మనిషి ముందు, నా మీద ఆయనకు కుళ్ళు ఉందని తెలిసి, నేను లోపల పండగ చేసుకున్నాను. ఆ పూట బయటికి పోయి రెండు టీలు తాగాను, ఒకటి తాగితే చాలనిపించలేదు.

కట్టు విప్పిన రోజు ఇద్దరం వంగి ఆ కాలును చూశాం. తొడ సగానికి సగం కరిగిపోయి ఉంది. వ్యాయామం చేయించే ఆయన వచ్చి, మడమ కింద గుడ్డచుట్ట పెట్టి, చిప్పను పైకి లాగినట్టు తొడ బిగించమన్నాడు. మొదటి రోజు ఏమీ కదలలేదు. నాలుగో రోజు చిప్ప ఒక గోరంత పైకి జరిగింది. నేను చూశాను, "కదిలిందన్నా," అన్నాను. ఆయన నమ్మక, నా వేలు తెచ్చి చిప్ప మీద పెట్టుకుని మళ్ళీ బిగించాడు. కదిలింది. అప్పటినుంచి పూటకు వంద లెక్కపెట్టి చేయించేదాకా ఆయన్ను వదల్లేదు. ఆయన తిట్టేవాడు. "నీ కసి తీర్చుకుంటాండావ్ రా," అనేవాడు. కొంతవరకు నిజమే.

ఇంటికి వచ్చేసరికి మోకాలు కుర్చీలో కూర్చోవడానికి సరిపడా వంగేది. పూర్తిగా చాపమంటే మాత్రం చివరి కొంచెం దూరం దానంతట అది చాపుకోలేకపోయేది. డాక్టరు అంతకంటే ఎక్కువ ఆశించవద్దన్నాడు. అన్న చేతికర్రతో నడిచాడు. మెట్లు ఒక్కొక్కటే, మంచికాలు ముందు పెట్టి ఎక్కేవాడు. మగ్గం గుంట వైపు మళ్ళీ పోలేదు.

పోవాల్సిన అవసరం కూడా రాలేదు. ఊళ్ళోకి జాకార్డు పెట్టెలు రావడం మొదలయ్యాయి. పైన అట్టలు గుచ్చితే వాటంతట అవే బుటా ఎత్తేవి. ఆ అట్టలకు ముందు గ్రాఫు గీసేవాళ్ళు కావాలి. ఆస్పత్రి మంచం మీద అలవాటైన పని అన్నకు అన్నం పెట్టింది. రెండేళ్ళు తిరక్కుండా మా ముందుగదిలో షావుకార్లు వరసగా కూర్చునేవాళ్ళు, నా మగ్గం దాటుకుని పోయి ఆయన కుర్చీ చుట్టూ. కిటికీ మగ్గం నాకు శాశ్వతంగా వచ్చింది. ఇక కిటికీ దగ్గర ఎవరూ నిలబడడం లేదు. నా కడుపులో పాత మంట మళ్ళీ లేచింది. ఆస్పత్రిలో అది ఆరిపోయిందని అనుకున్నందుకు నాకే నవ్వొచ్చింది.

లోపల కట్టిన స్టీలు తీగ తీయించడానికి ఒకసారి మళ్ళీ మద్రాసు పోయాం. డాక్టరు అన్నను మంచం అంచున కూర్చోబెట్టి కాలు చాపమని, చిప్ప కింద రెండు వేళ్ళతో తడిమి, చుట్టూ ఉన్న చదువుకునే డాక్టర్లకు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. తర్వాత మాతో తెలుగులో, "ఇలాంటివి చాలా వరకు మళ్ళీ తెగుతాయి. ఇది నిలిచింది. వ్యాయామం ఎవరు చేయించారు?" అన్నాడు.

అన్న నా వైపు చూపించాడు. "మా తమ్ముడు సార్. చంపినాడు నన్ను."

డాక్టరు నా భుజం తట్టాడు. ఆ చదువుకునేవాళ్ళంతా ఒక్కసారి నన్ను చూశారు. స్టేషనుకు వచ్చేదాకా నేను కొంచెం వేగంగా నడిచాను, అన్న వెనకపడితే ఆగి, మళ్ళీ వేగంగా.

రైలెక్కాక ఎదురుసీటులో వాళ్ళు అన్న చేతికర్ర చూసి అడిగారు. ఆయన మొదలుపెట్టాడు. వాతం, సూదులు, లోహపు కీలు, తెగిన నరం, తొడలోంచి తీసిన నరం, ఎముకలో బెజ్జం. మెట్టు మీద జారానన్న మాట ఇప్పటికి ఆయన కూడా నమ్మేసినట్టున్నాడు. పక్క వరస సీట్లలోంచి కూడా జనం వచ్చి నిలబడి విన్నారు. ఒకాయన జామకాయలు కోసి ఆయనకు ముందు పెట్టాడు. పాకాల దాటేసరికి పంచె పైకి జరిపి గీత చూపిస్తున్నాడు. కిటికీ పక్క సీటు కూడా ఆయనదే.

నా పక్కన కూర్చున్న అవ్వ చాలాసేపు విని, నా వైపు తిరిగింది.

"నీకేమయ్యింది నాయనా?"

"నాకేమీ కాలేదవ్వా," అన్నాను. "నేను తోడు వచ్చినా."

ఆమె తల ఊపి, మళ్ళీ అన్న వైపు తిరిగి వినసాగింది.